ఏడో తరగతి పిల్లలకు గణితం చెప్పడంలో ప్రోగ్రామింగ్ ఆలోచన ఎంతవరకు పనికివస్తుంది?

ప్రశ్న: తెనాలి విద్యార్థి

అందరికీ నమస్కారం. నేను బి.టెక్. కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. సాయంత్రం కాలేజీ బస్సు దిగి ఇంటికి చేరాక, మా వీధిలో ఏడు, ఎనిమిది తరగతులు చదువుతున్న పది పన్నెండు మంది పిల్లలకు మా వసారాలో గణితం చెబుతుంటాను. వీరిలో ఎక్కువమంది ప్రభుత్వ పాఠశాలకు వెళ్లేవారు. ఒక పేజీ తెలుగులో, దాని ఎదుటి పేజీ ఇంగ్లిషులో ఉండే ద్విభాషా పుస్తకాలతో చదువుకుంటున్నారు. నాకు ఉపాధ్యాయ శిక్షణ లేదు కనుక, నేను చెప్పే తీరంతా నాకు అలవాటైన ప్రోగ్రామింగ్ ఆలోచన నుంచే వస్తోంది. అది పిల్లలకు ఎక్కడ మేలు చేస్తుందో, ఎక్కడ అడ్డుపడుతుందో అనుభవం ఉన్నవారిని అడుగుదామని ఇది రాస్తున్నాను.

ఏ లెక్కనైనా మెట్లుగా విడగొట్టి, ఒక మెట్టు పూర్తయ్యాకే రెండో మెట్టు ఎక్కమని చెప్పడం పిల్లలకు బాగా నచ్చింది. వేర్వేరు హారాలున్న భిన్నాలను కూడమంటే ఇప్పుడు ఎవరూ లవాలను లవాలతో, హారాలను హారాలతో కలిపేయడం లేదు. అయితే రెండు చోట్ల బండి ఆగిపోతోంది.

మొదటిది సమీకరణాలు. ఎక్స్ అంటే ఒక డబ్బా అనీ, అందులో ఒక విలువ ఉంటుందనీ మాకు ప్రోగ్రామింగ్‌లో చెప్పినట్టే వారికీ చెబుతున్నాను. 3ఎక్స్ + 5 = 20 ను సాధించమంటే చాలామంది ఒకే వరుసలో "3ఎక్స్ + 5 = 20 − 5 = 15 ÷ 3 = 5" అని రాసి చూపిస్తున్నారు. ఎక్స్ విలువ 5 అన్నది సరైనదే, కానీ రాసినదాన్ని రాసినట్టు చదివితే 20 − 5 కూ 5 కూ సమానమని వస్తుంది. అలా రాయకూడదంటే "జవాబు వచ్చింది కదన్నా" అంటున్నారు.

రెండోది, మెట్లన్నీ వచ్చిన పిల్లలు కూడా "ఇలా ఎందుకు చేయాలి" అని అడిగితే మౌనంగా ఉండిపోతున్నారు. ఈ మధ్య ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె "రెండు బేసి సంఖ్యలను కూడితే సరి సంఖ్యే వస్తుందని ఎన్ని లెక్కలు చేసి చూస్తే నమ్మవచ్చన్నా?" అని అడిగింది. పరీక్ష కోసం ఇచ్చిన ఉదాహరణలన్నీ దాటితే ప్రోగ్రాం సరిగా ఉందని అనుకోవడం మాకు రోజూ ఉన్న అలవాటే. కానీ గణితం విషయంలో ఆ అమ్మాయికి ఆ వయసుకు తగిన జవాబు ఏమి చెప్పాలో తోచడం లేదు.

మా ఇంట్లో పాత లాప్‌టాప్ ఒకటి ఉంది. దాని మీద పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను కొద్దిగా నేర్పుతూ గణితం చెప్పడం మంచిదా, లేక కాగితం మీదే ఉండిపోవడం మంచిదా అన్నది కూడా తెలియజేయగలరు.

సమాధానం: లెక్కల మాస్టారు, హనుమకొండ

ఉన్నత పాఠశాలలో గణితం స్కూల్ అసిస్టెంటుగా పనిచేసి విరమణ పొందాను. మీ మొదటి ఇబ్బంది గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే నా దృష్టిలో మిగతావన్నీ దాని తరువాతివే.

ఆ పిల్లలు అలా రాయడానికి మీ డబ్బా ఉదాహరణ ఒక్కటే కారణం కాదు. ఒకటో తరగతి నుంచి వారు చూసినవన్నీ 4 + 3 అని రాసి, పక్కన సమాన గుర్తు పెట్టి, ఆ తరువాత ఖాళీ వదిలిన లెక్కలే. అందువల్ల ఆ గుర్తును వారు "ఇక్కడ జవాబు రాయి" అన్న ఆజ్ఞగా చదువుతారు. క్యాలిక్యులేటర్ మీద ఆ మీట నొక్కితే జరిగేదీ అదే. ప్రోగ్రామింగ్‌లో అదే గుర్తుకు కుడివైపు విలువను ఎడమవైపు పేరులో ఉంచు అన్న పని అప్పగించారు. గణితంలో మాత్రం అది ఆజ్ఞ కాదు. రెండు వైపులా ఉన్నది ఒకే సంఖ్య అని చెప్పే వాక్యం, కనుక అది నిజమైనా కావచ్చు, అబద్ధమైనా కావచ్చు.

రేపు సాయంత్రం పలక మీద 8 + 4 = □ + 5 అని రాసి, ఖాళీలో ఏ సంఖ్య వస్తుందో ఎవరికి వారే కాగితం మీద రాయమనండి. 12 అని రాసినవారు సమాన గుర్తును ఆజ్ఞగా చదువుతున్నారు. 17 అని రాసినవారు కనబడిన సంఖ్యలన్నిటినీ కూడేశారు. 7 అని రాసినవారితో మాత్రమే సమీకరణాల పాఠం వెంటనే మొదలుపెట్టవచ్చు. ఏడో తరగతిలో కూడా 12 అని రాసేవారు మీరు అనుకున్నదానికంటే ఎక్కువగానే ఉంటారు.

వారి కోసం కొన్ని రోజులు సాధించే లెక్కలు మానేసి, నిజమా అబద్ధమా అని తేల్చే వాక్యాలు ఇవ్వండి. 15 = 8 + 7 నిజమా? 9 = 9 నిజమా? 8 + 7 = 9 + 6 నిజమా? 38 + 47 = 40 + 45 అన్నది కూడిక చేయకుండానే నిజమని చెప్పగలరా? ఈ చివరి రకం వాక్యాల దగ్గర పిల్లలు లెక్క చేయడం ఆపి, రెండు వైపులనూ పోల్చి చూడడం మొదలుపెడతారు; బీజగణితానికి కావలసిన చూపు అదే.

ఆ తరువాత సమీకరణంలో ఒక్కొక్క మెట్టునూ ఒక్కొక్క వరుసలో రాయించండి. 3ఎక్స్ + 5 = 20 కింద, రెండు వైపులా 5 తీసివేశామని పక్కన రాసి, 3ఎక్స్ = 15 అని; దాని కింద, రెండు వైపులా 3 తో భాగించామని రాసి, ఎక్స్ = 5 అని. ఆఖరున 5 ను మొదటి వరుసలో పెట్టి 20 వస్తుందో లేదో చూడకుండా ఎవరినీ లేవనివ్వకండి.

ఒక విన్నపం: "ఇటు ప్లస్ అటు మైనస్" అని పక్షాంతరాన్ని కిటుకులా ముందే చెప్పకండి. పరీక్షల తొందరలో మాలో చాలామందిమి చెప్పే సూత్రమే అది, కానీ నాకు అది ఎప్పుడూ నచ్చలేదు. దాన్ని బట్టీ పట్టిన పిల్లవాడు −2ఎక్స్ = 6 ను చూసి, −2 అటు వెళ్లి +2 అవుతుందని ఎక్స్ = 8 అని రాస్తాడు. అక్కడ ఉన్నది తీసివేత కాదు, గుణకారం అన్నది అతనికి కనబడదు. రెండు వైపులా ఒకే పని చేయడం బాగా అలవాటైన పిల్లలు కొన్నాళ్లకు తామే మధ్య వరుసలు వదిలేస్తారు. అప్పుడు దానికి పక్షాంతరం అని పేరు పెడితే చాలు. త్రాసు బొమ్మ కూడా మొదట్లో సాయపడుతుంది గానీ రుణ సంఖ్యలు రాగానే దాన్ని పక్కన పెట్టాలి, తక్కెడలో −4 ను ఎవరూ తూచలేరు కనుక.

ఇక డబ్బా విషయం. మీ ప్రోగ్రాంలో ఎక్స్ = ఎక్స్ + 1 అని రాస్తే డబ్బాలోని విలువ ఒకటి పెరుగుతుంది; గణితంలో దాన్ని నిజం చేసే సంఖ్య ఒక్కటీ లేదు. పైగా ఏడో తరగతిలో అక్షరం మూడు రకాల పనులు చేస్తుంది. 3ఎక్స్ + 5 = 20 లో అది మనం వెతుకుతున్న ఒకే ఒక సంఖ్య. సంకలనంలో క్రమం మారినా మొత్తం మారదని అక్షరాలతో రాసినప్పుడు అది ఏ సంఖ్యైనా కావచ్చు. చతురస్రం చుట్టుకొలత భుజానికి నాలుగు రెట్లు అన్నప్పుడు, ఒకటి మారితే దానితోపాటు రెండోదీ మారుతుంది. డబ్బా ఈ మూడో దానికి కొంత దగ్గరగా ఉంటుంది, మిగతా రెండింటికీ సరిపోదు. కనుక ఒకే ఉదాహరణతో మూడింటినీ కప్పకుండా, ఏ లెక్కలో అక్షరం ఏ పని చేస్తోందో పిల్లల చేతనే చెప్పించండి.

సమాధానం: కోడ్ రాసే గోపన్నపల్లి వాసి

మాస్టారు చెప్పినదంతా ఒప్పుకుంటూనే, మన వృత్తి తరఫున కొంత వాదించాలని ఉంది. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ సెలవు రోజుల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు లెక్కలు చెబుతాను. కంప్యూటర్ సైన్స్ చదివినవారు తేగలిగిన మంచి వస్తువు డబ్బా కాదు, పద్ధతి పట్ల కుతూహలం. ఒకే పనికి రెండు పద్ధతులు ఉంటే ఏది తక్కువ శ్రమతో అవుతుంది, అసలు ఆ పద్ధతి ఎప్పటికైనా ఆగుతుందని ఎలా తెలుసు అన్న ప్రశ్నలు బడిలో సాధారణంగా రావు.

గసాభానే (గరిష్ఠ సామాన్య భాజకం) తీసుకో తమ్ముడూ. పుస్తకంలోని పద్ధతిలో కారణాంకాలు రాయాలి. 391, 299 ఇచ్చి చూడు. 2, 3, 5, 7, 11 ఏవీ రెంటినీ భాగించవు కనుక పిల్లలు అక్కడే చిక్కుకుంటారు. ఇప్పుడు ఒక్క మాట చెప్పు: ఏ సంఖ్య అయినా ఈ రెంటినీ భాగిస్తే వాటి తేడాను కూడా భాగించి తీరాలి. తేడా 92. ఇక 299, 92 ల సంగతి చూస్తే చాలు. 299 ని 92 తో భాగిస్తే శేషం 23; 92 ను 23 తో భాగిస్తే శేషం సున్నా. గసాభా 23. ఇది సుమారు క్రీ.పూ. 300 నాటి యూక్లిడ్ పద్ధతి. పదో తరగతి వాస్తవ సంఖ్యల పాఠంలో చాలా ఏళ్లపాటు భాగహార న్యాయం పేరుతో ఉన్నది దీనికి మూలమే. ఆర్యభటుడు క్రీ.శ. 499 లో చెప్పిన కుట్టకం (కొన్ని రకాల సమీకరణాలకు పూర్ణసంఖ్యల్లో జవాబులు కనుగొనే పద్ధతి) కూడా ఇలాగే శేషాలను వరుసగా భాగించుకుంటూ పోతుంది.

మెట్లు చెప్పి ఊరుకుంటే ఇది కూడా మరొక రూలు అయిపోతుంది. అందుకే నేను గళ్ల కాగితం ఇస్తాను. పొడవు 21 గళ్లు, వెడల్పు 15 గళ్లు ఉన్న దీర్ఘచతురస్రం గీసి, అందులోంచి వీలైనంత పెద్ద చతురస్రాన్ని కత్తిరించమంటాను. 15 గళ్ల చతురస్రం పోగా 15, 6 గళ్ల ముక్క మిగులుతుంది. దానిలోంచి 6 గళ్ల చతురస్రాలు రెండు పోతే 6, 3 గళ్ల ముక్క. అది సరిగ్గా రెండు 3 గళ్ల చతురస్రాలు అవుతుంది. ఇక కత్తిరించడానికి ఏమీ లేదు, కనుక గసాభా 3. ప్రతిసారీ ముక్క చిన్నదవుతుంది, గళ్లు సగం కావు, అందువల్ల ఎప్పుడో ఒకప్పుడు ఆగక తప్పదు అని నాతో చదివే పిల్లవాడొకడు తనంతట తానే అన్నాడు. మనం ఇంజినీరింగ్‌లో ఒక అల్గారిథం ముగుస్తుందని నిరూపించడానికి రాసేది అదే కదా.

ప్రధాన సంఖ్యల జల్లెడ కూడా ఇలాంటిదే. క్రీ.పూ. మూడో శతాబ్దపు ఎరటోస్థనీస్ పేరుతో ఇది పుస్తకంలోనే ఉంది, పిల్లలు చేస్తారు కూడా. కానీ 100 వరకు జల్లించేటప్పుడు 7 గుణిజాలను కొట్టేశాక ఎందుకు ఆపవచ్చు అని అడగడం మరచిపోతాం. 11 తో మొదలుపెడితే కొత్తగా కొట్టవలసిన మొదటి సంఖ్య 121, అది పట్టికలోనే లేదు. అంతకు ముందున్న 11 గుణిజాలన్నీ చిన్న సంఖ్యల వంతులోనే పోయాయి.

లాప్‌టాప్ సంగతి: పిల్లలు చేత్తో చేసి, ఫలితం ఎలా ఉంటుందో ముందుగా ఊహించి రాశాకే దాన్ని తెరువు. 0.1 + 0.2 ను పైథాన్‌లో కూడితే 0.30000000000000004 అని వస్తుంది. దశాంశాలు ఇంకా గట్టిపడని పిల్లవాడికి అది ముందే చూపిస్తే అయోమయం. 1/3 ను దశాంశంగా పూర్తిగా రాయలేమని తెలిసినవాడికి చూపిస్తే, 0, 1 అనే రెండు అంకెలతోనే సంఖ్యలన్నీ రాసే యంత్రానికి 1/10 విషయంలో అదే గతి పట్టిందని చెప్పవచ్చు.

సమాధానం: గణిత అధ్యాపకురాలు, రాజమహేంద్రవరం

మీ ప్రశ్నలో నన్ను నిలిపినది ఆ ఎనిమిదో తరగతి అమ్మాయి మాట. ఆమెకు జవాబుగా ముందు ఒక పని ఇవ్వండి. ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యనూ 41 నీ కలపమనండి. 1 కి 43, 2 కి 47, 3 కి 53, అన్నీ ప్రధాన సంఖ్యలే. ఓపిక ఉన్నంత వరకు చేయనివ్వండి. 39 వరకు ఎక్కడా తప్పదు. 40 దగ్గర మాత్రం 1681 వస్తుంది, అది 41 × 41. ఎందుకు తప్పిందో కూడా చూడవచ్చు: 40 × 40 కు 40 కలిపితే 40 × 41 అవుతుంది, దానికి ఇంకో 41 కలిపితే 41 × 41. గణితవేత్త ఆయిలర్ పేరుతో ప్రసిద్ధమైన ఈ లెక్కలో వరుసగా అన్ని ఉదాహరణలు సరిపోయినా నియమం నిలబడలేదని ఆమె తన చేత్తోనే చూస్తుంది.

తరువాత బేసి సంఖ్యల దగ్గరికి రండి. బేసి సంఖ్య అంటే జతలుగా పేరిస్తే ఒకటి ఒంటరిగా మిగిలేది. అలాంటివి రెండు కలిపితే రెండు ఒంటరివి కలిసి ఒక జత అవుతాయి, ఇంకేమీ మిగలదు. ఈ వాదనలో 7 అనో 13 అనో ఏ సంఖ్య పేరూ రాలేదన్నది ఆమె చేత గమనింపజేయండి. ఎన్ని లెక్కలు చూడాలన్న ఆమె ప్రశ్నకు అక్కడ జవాబు ఉంది: ఒక్కటి కూడా చూడనక్కరలేదు.

ఇంతవరకు చెప్పి వదిలేస్తే, సరిచూడడం ఎప్పుడూ నిరూపణ కాదన్న మరో రూలు తయారవుతుంది. అది నిజం కాదు. మహారాష్ట్రలో నాసిక్ దగ్గరి దేవలాలీలో బడిపంతులుగా పనిచేసిన డి. ఆర్. కాప్రేకర్ కనుగొన్న 6174 ను మీ పిల్లలకు పరిచయం చేయండి. అంకెలన్నీ ఒకటే కాని నాలుగంకెల సంఖ్యను తీసుకుని, అంకెలను పెద్ద నుంచి చిన్నకు ఒకసారి, చిన్న నుంచి పెద్దకు ఒకసారి రాసి, మొదటిదాని నుంచి రెండోది తీసివేయాలి. 3524 తో మొదలుపెడితే 5432 − 2345 = 3087; తరువాత 8730 − 0378 = 8352; తరువాత 8532 − 2358 = 6174. ఆపైన ఎన్నిసార్లు చేసినా 6174 గానే ఉంటుంది. ముందున్న సున్నాలను వదలకుండా రాస్తే, ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఏడు మెట్లలోపు అక్కడికే చేరుతుంది.

0001 నుంచి లెక్కించినా ఇలాంటి సంఖ్యలు 9,990 మాత్రమే ఉన్నాయి. వాటన్నిటినీ మీ లాప్‌టాప్ క్షణంలో సరిచూస్తుంది, అలా సరిచూడడం ఇక్కడ పూర్తి నిరూపణే. అయితే యంత్రాన్ని వెంటనే పిలవకండి, ఎందుకంటే ఏడో తరగతి బీజగణితం ఆ పనిని ఎంత తగ్గిస్తుందో చూపించడానికి ఇంతకంటే మంచి సందర్భం నాకు తెలియదు. అంకెలను పెద్ద నుంచి చిన్నకు క, చ, ట, త అనుకోండి. మొదటి తీసివేత ఫలితం 999 × (క − త) + 90 × (చ − ట) అవుతుంది. అంటే నాలుగు అంకెలూ తెలియనవసరం లేదు, చివరల తేడా, మధ్య తేడా తెలిస్తే చాలు. చివరల తేడా 1 నుంచి 9 వరకు ఏదైనా కావచ్చు. మధ్య తేడా సున్నా నుంచి మొదలై చివరల తేడాను దాటదు. లెక్కిస్తే మొత్తం 54 జతలు. పదిమంది పిల్లలు తలా ఐదారు పంచుకుంటే ఒక సాయంత్రంలో కాగితం మీదే 9,990 సంఖ్యలకు నిరూపణ పూర్తవుతుంది. ప్రోగ్రాం రాసేవారు వేగవంతమైన యంత్రం వెతికే చోట గణితం చేసేవారు పనినే తగ్గిస్తారని ఆ పిల్లలకు ఒకసారి అనుభవంలోకి వస్తే, అక్షరాలతో రాయడం ఎందుకని మళ్లీ అడగరు.

సమాధానం: ఒక తల్లి, విజయనగరం

పెద్దలు చెప్పినవన్నీ బాగున్నాయండి. మా అబ్బాయి ఏడో తరగతి. తల్లిదండ్రుల వైపు నుంచి ఒక్క మాట. బడిలో ఒక పద్ధతి, సాయంత్రం మరో పద్ధతి అయితే పిల్లలు పరీక్షలో ఏది రాయాలో తెలియక నలిగిపోతారు. గసాభాను భాగహారంతో నేర్పినా, బడి నోటుపుస్తకంలో ఏ పద్ధతిలో రాయించారో ముందు ఒకసారి తిరగేసి, దానిలో కూడా ఒక లెక్క చేయించండి. బడిలో ఇంగ్లిషులో విన్న పేరును, మీ దగ్గర తెలుగులో విన్న పేరును పక్కపక్కనే రాసుకునే అలవాటు చేస్తే ఇంట్లో మేము కూడా కొంత సాయపడగలం.

తిరిగి రాసినది: తెనాలి విద్యార్థి

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు చెప్పిన 8 + 4 = □ + 5 ఇచ్చాను. సగానికి పైగా 12 అనే రాశారు, అందులో బడిలో మంచి మార్కులు వచ్చేవారూ ఉన్నారు. సమీకరణాలు ఆపి నిజం, అబద్ధం వాక్యాలు మొదలుపెట్టాము. ఇప్పుడు వాళ్లే అబద్ధపు వాక్యాలు తయారుచేసి ఒకరినొకరు పడగొట్టడానికి చూస్తున్నారు. విజయనగరం అమ్మగారు చెప్పినట్టు అందరి బడి నోటుపుస్తకాలూ చూశాను. 54 జతల పని ఈ ఆదివారానికి పెట్టుకున్నాము, ఆ తరువాతే లాప్‌టాప్.

ఒక చిన్న సందేహం. శేషాల గురించి మాట్లాడుతుండగా ఒక పిల్లవాడు −10 ని 7 తో భాగిస్తే శేషం ఎంత అని అడిగాడు. పైథాన్‌లో 4 వస్తుంది, మేము కాలేజీలో రాసే సి భాషలో −3 వస్తుంది. ఏది చెప్పాలి?

సమాధానం: కోడ్ రాసే గోపన్నపల్లి వాసి

గణితంలో శేషం సున్నా కంటే తక్కువ కాకూడదు, భాజకం కంటే తక్కువగా ఉండాలి అన్న కట్టుబాటు ఉంది కనుక −10 = 7 × (−2) + 4 అని రాసి, శేషం 4 అని చెప్పు. సి భాష భాగఫలాన్ని సున్నా వైపు కుదిస్తుంది, అంటే −1 తీసుకుంటుంది, అందుకే −3 మిగులుతుంది. పిల్లవాడికి భాషల గొడవ అక్కరలేదు, వారాలతో చెప్పవచ్చు. ఈ రోజు మంగళవారం అయితే పది రోజుల కిందట ఏ వారం? మంగళవారం నుంచి నాలుగు రోజులు ముందుకు లెక్కించమను, శనివారం వస్తుంది. మూడు రోజులు వెనక్కి లెక్కించమను, అప్పుడూ శనివారమే. 4 కూ −3 కూ మధ్య తేడా ఎంతో వాడినే చెప్పమను.